షుల్జ్ అంటే మునసబు

ఇంటర్మీడియట్‌లో ఉండగా రసాయనశాస్త్రంలో హార్డీ–షుల్జ్ నియమం అని ఒకటి బట్టీ పట్టాను. కొల్లాయిడ్ ద్రావణాన్ని ఉప్పుతో విరగ్గొట్టేటప్పుడు, ఆ ఉప్పులోని అయాను సంయోజకత ఎంత ఎక్కువైతే అంత సులభంగా విరిగిపోతుందని దాని సారాంశం. సోడియం కంటే బేరియం, బేరియం కంటే అల్యూమినియం బలమైనవి. మా ఊళ్ళో వానాకాలం ఎర్రనీళ్ళ బిందెలో పటిక తిప్పితే మన్ను అడుక్కి ఎందుకు దిగుతుందో ఆ పాఠంతో తెలిసింది. కానీ ఆ షుల్జ్ ఎవరు, ఏ ఊరివాడు అన్న ప్రశ్న ఆనాడు నాకు తట్టలేదు.

బి.ఎస్సీ.లో చేరిన తరువాత జీవశాస్త్రంలో మాక్స్ షుల్జ్ అనే ఇంకొకాయన ఎదురైనాడు. కణం అంటే ఉత్త గోడ కాదు, కేంద్రకం కలిగిన జీవపదార్థపు ముద్ద అని 1861లో తేల్చి చెప్పినవాడు. ఆ తరువాత ఒకనాడు తెలుగు క్లాసులో మా అధ్యాపకులు తెలుగు అచ్చు చరిత్ర చెబుతూ, మొట్టమొదటి తెలుగు పుస్తకాలు అచ్చయింది మద్రాసులోనూ కాదు, బందరులోనూ కాదు, జర్మనీ దేశంలోని హాలే నగరంలో అనీ, అచ్చు వేయించినవాడు బెంజమిన్ షుల్జ్ అనీ చెప్పినారు.

ముగ్గురు షుల్జులు! వీళ్ళంతా ఒకే వంశం వాళ్ళా అని లేచి అడిగాను. క్లాసంతా నవ్వింది. మా అధ్యాపకులు నవ్వలేదు. మన ఊళ్ళలో కరణం అని ఇంటిపేరున్న వాళ్ళంతా ఒకే వంశమా అని ఎదురు ప్రశ్న వేసి, లైబ్రరీకి పొమ్మన్నారు. పోయి వెదికితే తేలింది ఇది: షుల్జ్ అంటే ఊరి మునసబు.

ఆ మాట చదివి నేను చాలాసేపు పుస్తకం మూయకుండా అట్లనే కూర్చున్నాను. ఎందుకంటే పెద్దపంజాణి మండలంలోని మా పల్లెలో ఎవరిని అడిగినా మా ఇల్లు మునసబోళ్ళ ఇల్లే. మాకు అసలు ఇంటిపేరు వేరే ఉంది. సర్టిఫికెట్లలో అదే ఉంటుంది. కానీ ఊరి నోట్లో మాత్రం మునసబోళ్ళ పిల్లోడు అంటేనే నేను. మునసబు ఉద్యోగం పోయి నాలుగు దశాబ్దాలు దాటినా ఆ పేరు పోలేదు. అట్లాంటి పేరునే మోస్తూ సముద్రం దాటి వచ్చి, మన అక్షరాలను అచ్చుకెక్కించిన మనిషి కథ మన సావనీరులో చెప్పాలనిపించింది. తెలిసిన పెద్దలు తప్పులుంటే మన్నింతురు గాక.

ముందు పేరు సంగతి. పాత జర్మన్ భాషలో స్కుల్ద్ అంటే బాకీ, చెల్లించవలసినది. హైత్సన్ అంటే ఆజ్ఞాపించడం. ఈ రెండూ కలిసి ఒక ఉద్యోగం పేరైంది. ఎవరెవరు ఏమేమి చెల్లించాలో చెప్పి, చెల్లించమని ఆజ్ఞాపించేవాడు అని అర్థం. అదే వాడుకలో అరిగి షుల్ట్‌హైస్ అయింది, ఇంకా అరిగి షుల్ట్సె, షుల్జ్ అయింది. ప్రభువుకు రావలసిన శిస్తు వసూలు చేయడం, చిన్న చిన్న తగాదాలు తీర్చడం, పై అధికారుల హుకుం ఊరికి వినిపించడం వాడి పని. మన మునసబు చేసిన పనీ అదే గదా! మాటలు మాత్రం వేరు. మునసబు అనేది అరబ్బీ నుండి వచ్చిన మాట. ఇన్సాఫు చేసేవాడు, అంటే న్యాయం చెప్పేవాడు అని దాని భావం. అక్కడ బాకీ నుండి పుట్టిన పేరు, ఇక్కడ న్యాయం నుండి పుట్టిన పేరు. ఉద్యోగం మాత్రం ఒకటే.

12, 13 శతాబ్దాలలో ఎల్బె నదికి తూర్పున అడవులు కొట్టి కొత్త పల్లెలు కట్టినప్పుడు, రైతు కుటుంబాలను పోగుచేసి తీసుకుపోయిన పెద్దమనిషికే ఆ ఊరి షుల్జ్ పదవి దక్కేది. వాడికి పన్ను లేని భూమి, కోర్టు జరిమానాలలో వాటా ఇచ్చేవారు. మనవైపు మాన్యం ఇచ్చినట్లే అన్నమాట. పదవి తండ్రి నుండి కొడుక్కి వచ్చేది. క్రమంగా ఇంటిపేర్లు స్థిరపడిన కాలంలో పదవి పేరే కుటుంబం పేరైంది. మరమేసేవాడు మ్యుల్లర్, కమ్మరి ష్మిట్, సాలెవాడు వేబర్ అయినట్లే ఊరిపెద్ద షుల్జ్ అయినాడు. ప్రతి పల్లెకూ ఒక ఊరిపెద్ద ఉంటాడు కాబట్టి ఒకరితో ఒకరికి సంబంధం లేని వేలాది కుటుంబాలకు ఈ పేరు వచ్చింది. జర్మనీలో అతి సాధారణమైన ఇంటిపేర్లలో ఇది ఒకటి కావడానికి కారణం అదే. ప్రాంతాన్నిబట్టి ఉచ్చారణ మారింది. పడమర వెస్ట్‌ఫాలియాలో షుల్టె, తూర్పున సైలీషియాలో షోల్జ్. 2021 నుండి 2025 దాకా జర్మనీ ఛాన్సలరుగా ఉన్న ఓలాఫ్ షోల్జ్ ఇంటిపేరూ ఈ వేరు నుండి మొలిచిందే. లాటిన్ చదువుకున్న పండితులు కొందరు గొప్పకోసం స్కుల్టేటస్ అని మార్చుకున్నారు. పోలండువాళ్ళు ఈ మాటను సోల్టిస్ అని తీసుకున్నారు. వాళ్ళ పల్లెపెద్దను ఈనాటికీ ఆ మాటతోనే పిలుస్తారు.

అట్లాంటి పేరుతో బెంజమిన్ షుల్జ్ 1689లో బ్రాండెన్‌బుర్గ్ రాజ్యపు తూర్పు సీమలో సోనెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్ళో జన్మించాడు. నేను పైన చెప్పిన, అడవులు కొట్టి పల్లెలు కట్టిన సీమ అదే. ఆ ఊరు 1945 తరువాత పోలండులో చేరింది. ఇప్పుడు దాని పేరు స్వోన్‌స్క్. ఆయన పుట్టిన ఊరి పేరు మారిపోయింది, దేశం మారిపోయింది. ఇంటిపేరు మాత్రం అట్లనే నిలిచింది.

ఆ రోజుల్లో చదువుకున్న భక్తిపరులైన యువకులకు హాలే నగరం ఒక పెద్ద ఆకర్షణ. అక్కడ ఫ్రాంకె అనే మతాచార్యుడు అనాథ పిల్లల కోసం ఒక ఆశ్రమం స్థాపించి, దాని చుట్టూ బడులు, మందుల అంగడి, అచ్చు ఆఫీసు నెలకొల్పాడు. డెన్మార్క్ రాజు నాల్గవ ఫ్రెడరిక్ తమిళ తీరంలో తనకున్న తరంగంబాడి అనే చిన్న రేవుకు మతప్రచారకులను పంపదలచినప్పుడు మనుషులు దొరికింది ఈ హాలే బృందంలోనే. మొదట 1706లో జీగెన్‌బాల్గ్, ఆయన జతగాడు వచ్చి తమిళం నేర్చి, బడి పెట్టి, అచ్చుయంత్రం తెప్పించి, తమిళంలో క్రొత్త నిబంధన అచ్చువేశారు. జీగెన్‌బాల్గ్ 1719 ఫిబ్రవరిలో చనిపోయాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో షుల్జ్ మరో ఇద్దరితో కలిసి తరంగంబాడిలో దిగాడు. అప్పుడు ఆయన వయస్సు 30.

వచ్చిన ఆరు నెలలకే, 1720 మార్చిలో, అక్కడ మిగిలిన పాత ప్రచారకుడు గ్రుండ్లర్ కూడా మరణించాడు. దారి చూపే పెద్దలు లేరు. భాష ఇంకా పూర్తిగా రాలేదు. సంఘం, బడి, అచ్చుఆఫీసు, అప్పులు అన్నీ ఈ కొత్తవాడి నెత్తిన పడ్డాయి. ఇంటిపేరుకు తగ్గట్టే ఆయన పెత్తనం చేశాడు. జీగెన్‌బాల్గ్ సగంలో వదలిన పాత నిబంధన తమిళ అనువాదాన్ని పూర్తిచేసి 1728 నాటికి అచ్చువేయించాడు. పని ముగించాడు గానీ, పని గుణం మీద అందరూ ఏకాభిప్రాయంతో లేరు. ఆయన తమిళం మొరటుగా ఉందని తరువాతివాళ్ళు భావించారు. ఫబ్రిషియస్ అనే విద్వాంసుడు తరువాత బైబిలును తమిళంలో మళ్ళీ తిరగరాశాడు.

మనిషి స్వభావం కూడా అంత మెత్తన కాదు. తన మాటే చెల్లాలనే పట్టుదల ఎక్కువ. 1725లో ఐరోపా నుండి కొత్త ప్రచారకులు ముగ్గురు వచ్చారు. వాళ్ళతో ఆయనకు పొసగలేదు. మరుసటి సంవత్సరమే తరంగంబాడి విడిచి మద్రాసుకు పోయినాడు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా ఊరి రచ్చబండ జ్ఞాపకం వచ్చింది. ఎదురు చెప్పేవాళ్ళు నలుగురు తయారైతే పెద్దరికం చేసేవాడు లేచి పోవడం మనకు కొత్త కాదు. అయితే ఆయన అట్లా అలిగి పోవడం వల్లనే మన భాషకు మేలు జరిగింది.

1726లో మద్రాసు ఇంగ్లీషు కంపెనీవారి పట్టణం. అక్కడ తమిళులతో పాటు తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండేవారు. వర్తకులలో, దుబాసీలలో, నేతపనివాళ్ళలో తెలుగు వినపడేది. ఇంగ్లీషువాళ్ళు ఈ భాషను జెంటూ అనేవాళ్ళు. తమిళులు వడుగు అనేవాళ్ళు. షుల్జ్ తన పుస్తకాల్లో తెలుగు అనే మాటనే లాటిన్‌లోకి తిప్పి తెలూగికా అని రాసుకున్నాడు. ఈ భాష రాకుండా ఈ పట్టణంలో పని సాగదని గ్రహించి, 37 ఏళ్ళ వయస్సులో అ ఆలు దిద్దడం మొదలుపెట్టాడు. పిల్లలకు బడులు పెట్టాడు. 1728 నుండి లండనులోని క్రైస్తవ జ్ఞాన ప్రచార సంఘం ఆయన పనికి డబ్బిచ్చింది. పుట్టింది జర్మనీలో, వచ్చింది డెన్మార్క్ రాజు పేరు మీద, జీతం ఇంగ్లీషువాళ్ళది, నేర్చుకున్నది తెలుగు!

నేర్చుకున్న రెండేళ్ళకే, 1728లో, లాటిన్ భాషలో ఒక తెలుగు వ్యాకరణం రాశాడు. దాని పేరు గ్రమాటికా తెలూగికా. సి.పి. బ్రౌన్ పుట్టడానికి 70 ఏళ్ళ ముందటి మాట ఇది. శ్రీరాంపురంలో కేరీ రాసిన తెలుగు వ్యాకరణం 1814లోనూ, మద్రాసులో క్యాంప్‌బెల్ రాసినది 1816లోనూ అచ్చయ్యాయి. షుల్జ్ రాసింది వాటికంటే ఎంతో ముందుదైనా చేతిరాతగానే హాలేకు చేరి, అక్కడి బీరువాలలో ఉండిపోయింది. బైబిలును తెలుగులోకి తిప్పే పని కూడా 1730ల మొదట్లోనే ముగించాడు గానీ దానికీ అచ్చుయోగం పట్టలేదు. సువార్తలు కొన్ని తెలుగులో అచ్చు కావడానికి 1812 దాకా ఆగవలసి వచ్చింది. ఆ అనువాదం షుల్జ్‌ది కాదు, విశాఖపట్నంలో పనిచేసిన వేరే ప్రచారకులది.

ఆయన చెవి చురుకుదని చెప్పడానికి ఒక్క నిదర్శనం చాలు. 1725లోనే, అంటే తరంగంబాడిలో ఉండగానే, సంస్కృతంలోని అంకెల పేర్లకూ లాటిన్, జర్మన్ అంకెల పేర్లకూ పోలికలున్నాయని ఒక లేఖలో వివరించాడు. ద్వి, త్రి, సప్త, నవ అని పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా కనబడేదే. కానీ చూసేవాడు ఉండాలి గదా! సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుండి వచ్చాయని సర్ విలియం జోన్స్ కలకత్తాలో ప్రకటించింది 1786లో. షుల్జ్ పోలికను గమనించాడే గానీ సిద్ధాంతం దాకా పోలేదు. పరిశీలన వేరు, సిద్ధాంతం వేరు అని మాకు ప్రయోగశాలలో చెప్పే పాఠానికి ఇది మంచి ఉదాహరణ.

మద్రాసులో ఆయన ఉన్న కాలం నెమ్మదైన కాలం కాదు. 1740 మే నెలలో మన చిత్తూరు సీమలోని దామలచెరువు కనుమ దగ్గర మరాఠాలు ఆర్కాటు నవాబు దోస్త్ అలీని చంపారు. కర్ణాటకమంతా అల్లకల్లోలమైంది. 17 సంవత్సరాల మద్రాసు జీవితం తరువాత, ఆరోగ్యం సహకరించక, 1743లో పని ఫబ్రిషియస్‌కు అప్పగించి షుల్జ్ స్వదేశానికి ఓడ ఎక్కాడు. మూడేళ్ళకు, 1746 సెప్టెంబరులో, ఫ్రెంచివాళ్ళు మద్రాసును పట్టుకున్నారు. ఆయన కట్టుకున్న మిషను ఆ గొడవలో చెదిరిపోయింది.

సరిగ్గా ఆ సంవత్సరమే హాలేలో ఆయన చేతి మీదుగా తెలుగు అక్షరాలు అచ్చుకెక్కాయి. 1746, 1747 సంవత్సరాలలో క్రైస్తవ ధర్మాన్ని ప్రశ్నోత్తరాలుగా చెప్పే చిన్న పుస్తకం, ఒక మత సంవాదం, మరికొన్ని వచ్చాయి. అవి మతప్రచారానికి వేసినవే గానీ మన సాహిత్యం మీద ప్రేమతో వేసినవి కావు. ఆ సంగతి దాచిపెట్టనక్కరలేదు. కానీ గుండ్రని మన అక్షరానికి తలకట్టు, కొమ్ము, ఒత్తు అన్నీ అమర్చి, తెలుగు గాలి సోకని ఊళ్ళో, సీసపు అచ్చులలో ఒక్కొక్కటిగా పేర్చి నిలబెట్టడం సామాన్యమైన పని కాదు. దక్కనులో నేర్చిన హిందూస్తానీ భాషకూ ఆయన వ్యాకరణం రాశాడు. అది 1745లో హాలేలోనే అచ్చయింది. 1748లో లైప్‌జిగ్‌లో ఫ్రిట్జ్ అనే ఆయన ప్రపంచ భాషల లిపులతో, 200 భాషల్లో ప్రభువు ప్రార్థనతో ఒక పుస్తకం తెచ్చినప్పుడు షుల్జ్ సాయపడి, ముందుమాట రాశాడు. ఇట్లా కాలం గడిపి 1760 నవంబరులో హాలేలోనే కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 71 ఏళ్ళు.

ఆ హాలే నగరంలోనే ఇంకో షుల్జ్ ఉన్నాడు. యోహాన్ హైన్రిష్ షుల్జ్ అనే వైద్యాచార్యుడు. 1717 ప్రాంతంలో, సుద్దమీద నత్రికామ్లం పోసి ఏదో ప్రయోగం చేస్తూ ఉంటే, అందులో కలిసివున్న వెండి వల్ల ఎండ తగిలినవైపు నల్లబడడం గమనించాడు. నల్లబరిచింది వేడి కాదు, వెలుతురే అని నిరూపించాడు. ఫోటోగ్రఫీకి మొదటి మెట్టు అది. ఆయన 1744లో హాలేలో మరణించాడు. అంటే ఒకరు అక్షరాలతో ఇండియా నుండి తిరిగి వచ్చేనాటికి ఇంకొకరు అదే ఊళ్ళో చివరి రోజుల్లో ఉన్నారు. ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు. హార్డీ పేరు పక్కన నిలిచిన హాన్స్ షుల్జ్ 1882లో ఆర్సినిక్ సల్ఫైడ్ ద్రావణంతో ప్రయోగాలు చేసినవాడు. ఆయన వేరు, మాక్స్ వేరు. నా మొదటి ప్రశ్నకు జవాబు ఇది: వీళ్ళది ఒక వంశం కాదు. ఎక్కడో ఏదో పల్లెలో వీళ్ళ పూర్వీకుడు ఒకడు శిస్తు వసూలు చేశాడు. అంతే వీళ్ళ బంధుత్వం.

ఇక్కడితో ఆపవచ్చు. కానీ బాకీ అన్న మాట నన్ను వదలలేదు.

సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు మా అవ్వకు ఈ కథంతా చెప్పినాను. జర్మనీలో కూడా మునసబులున్నారని, వాళ్ళలో ఒక ఇంటివాడు మన అక్షరాలు అచ్చు వేసినాడని సంబరంగా చెప్పినాను. అవ్వ అంతా విని, అటక మీదున్న ఇత్తడి బిందె దించమనింది. నేను పుట్టినప్పటి నుండి ఆ బిందె అటక మీదే ఉంది. దాంట్లో నీళ్ళు పట్టగా ఎప్పుడూ చూడలేదు. దించి తుడిస్తే మెడ కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు కనబడింది. అది మా ఇంటిపేరు కాదు. మా ఊళ్ళోనే కింది వీధిలో ఉండే ఇంకొక ఇంటివాళ్ళది.

ఆ ఇంటి పిల్లోడూ నేనూ హైస్కూలు దాకా ఒకే బెంచీలో కూర్చున్నాము. వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళు నన్ను చూస్తే పలకరించేవాళ్ళు కాదు. ఎందుకో నాకు తెలియదు. ఆ రోజు తెలిసింది. అవ్వ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఒక కరువు ఏడు మా ముత్తాత శిస్తు కోసం ఆ ఇంటి సామాను జప్తు చేసినాడట. రూలు ప్రకారం వేలం వేసినారట. ఊళ్ళో ఎవరూ పాడడానికి ముందుకు రాకపోతే, మునసబే తక్కువ ధరకు పాడుకున్నాడట. కాగితం మీద తప్పేమీ లేదు. కానీ ఆ బిందెతో నీళ్ళు తేవడానికి అవ్వకు చేయి రాలేదు. అందుకని అటక మీద పెట్టేసింది. పెట్టి అరవై ఏళ్ళు దాటింది.

మునసబోళ్ళ పిల్లోడు అని ఊళ్ళో పిలిస్తే నేను ఇన్నాళ్ళూ లోపల కొంచెం గర్వపడేవాణ్ణి. నిజం చెప్పడానికి సిగ్గెందుకు? ఆ పేరు కొన్ని ఇళ్ళలో ఏ అర్థంతో వినపడుతుందో బిందె మీది అక్షరాలు చదివిన తరువాతగానీ తెలియలేదు. న్యాయం నుండి పుట్టిన పేరు కూడా బాకీ పేరే అయిందన్నమాట.

పదవులు శాశ్వతం కావు. ప్రష్యాలో వంశపారంపర్యపు షుల్జ్ పదవులను 1872 నాటి చట్టం తీసేసింది. మన దగ్గర గ్రామోద్యోగాలలో వారసత్వపు హక్కు చెల్లదని 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలోనే పుట్టిన కేసులో ఇచ్చిన తీర్పు అది. చివరికి 1984 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలనే రద్దు చేసింది. చిట్టాలు, అడంగళ్ళు, సీళ్ళు అన్నీ ప్రభుత్వానికి చేరాయి. ఊళ్ళో పేర్లు మాత్రం మిగిలాయి. చిత్రమేమంటే, షుల్జ్ 1728లో రాసిన తెలుగు వ్యాకరణం హాలేలో పుస్తకరూపంలో వెలువడింది కూడా ఆ 1984లోనే. 256 ఏళ్ళు ఆగిన పుస్తకం అది. ఆ ఏడు ఇక్కడ పదవి పోయింది, అక్కడ పని వెలుగులోకి వచ్చింది. రెంటికీ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా మనస్సులో పక్కపక్కనే పడి ఉన్నాయి.

ఆలోచిస్తే షుల్జ్ కూడా బాకీ పడ్డ మనిషే. ముప్పయ్యేడేళ్ళ పరదేశికి ఎవరో తెలుగువాళ్ళు పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించి ఉంటారు. ఇది నపుంసకలింగం, ఇది బహువచనం అని ఓపికగా చెప్పి ఉంటారు. ఆ పుస్తకాల మొదటి పేజీలో షుల్జ్ పేరు ఉంది. వాళ్ళ పేర్లు లేవు. ఆయన మనకు ఇచ్చింది మనం ఒప్పుకోవాలి, ఆయన తీసుకున్నది కూడా లెక్కలో రాయాలి. అట్లా రాస్తేనే చిట్టా సరిపోతుంది. ఒకరి గొప్పతనం చెప్పేటప్పుడు రెండు పక్కలా రాయడం సైన్సు చదివేవాళ్ళకైనా, తెలుగు చదివేవాళ్ళకైనా మంచి అలవాటని నాకు అనిపిస్తుంది.

కనుమ పండగ మరునాడు మా నాయనా నేనూ చింతపండుతో తోమిన బిందె పట్టుకుని కింది వీధికి పోయినాము. ఆ ఇంటి పెద్దాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. నాయన ఆయన్ను మామా అని పిలిచి, బిందె ముందు పెట్టి, ఇది మీది అని మాత్రం అన్నాడు. ఆయన బిందెను తిప్పి మెడ కింది అక్షరాల మీద వేలు పెట్టి చదువుకున్నాడు. మమ్మల్ని కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఎందుకు తెచ్చినారని అడగలేదు. కోడలిని పిలిచి బిందె లోపల పెట్టమన్నాడు. తరువాత ఈసారి టమేటా ఏమి ధర పలికిందని నాయనను అడిగినాడు. మదనపల్లె మార్కెట్టు సంగతులు ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. మేము లేచి వచ్చేశాము. అంతకంటే ఏమీ జరగలేదు.

ఇంటికి వచ్చి అవ్వకు చెబితే, అటక ఊడ్చి పెట్టమని చీపురు చేతికిచ్చింది.

మిత్రులారా, మన క్లాసు పుస్తకాల్లో నియమాల వెనుక, సూత్రాల వెనుక ఎన్నో పేర్లుంటాయి. పరీక్ష కోసం వాటిని బట్టీ పట్టి మరచిపోతాము. ఒక్క పేరును పట్టుకుని వెనక్కి పోతే అది నన్ను హాలే నగరానికీ తీసుకుపోయింది, మా ఇంటి అటక మీదికీ తీసుకుపోయింది. మీరూ మీ పాఠంలోని పేరు ఒకటి పట్టుకుని పోయి చూడండి. మీ ఇంటిపేరు ఎట్లా వచ్చిందో మీ ఇంట్లో అవ్వలు ఉండగానే అడిగి తెలుసుకోండి. చెప్పింది తీపిగా ఉన్నా, చేదుగా ఉన్నా రాసిపెట్టుకోండి. అడిగేవాళ్ళు లేకనే అవ్వలు చెప్పకుండా పోతున్నారు.